సబ్జెక్టు మార్చిన ఉత్తరం

"కాగితం వద్దు. ఉత్తరం చూపించండి," అంది పోస్టమ్మ.

ఇన్‌స్పెక్టరు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఇదే ఉత్తరం."

"ఇది ఉత్తరానికి ఫోటో. ఇరవై రెండేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు ఏరాను సార్. కవరు చూడకుండా ఏ ఉత్తరం గురించీ నోరు విప్పను."

"కంప్యూటర్ ఉత్తరానికి కవరేంటి మేడమ్? నాలుకతో స్టాంపులు తడిపిన రోజులు అయిపోయాయి."

"అయిపోయాయి కాబట్టే అడుగుతున్నా. ఇప్పుడు ఏం తడుపుతారో నాకు తెలియదు."

మధ్యాహ్నం మూడు ఇరవై. వర్క్‌షాపు పై అంతస్తులో షిఫ్టు ఇంజనీరు గది. అద్దంలోంచి కింద ఆగిపోయిన క్రేను కనిపిస్తోంది. బుధవారం మధ్యాహ్నం రెండు ఇరవైకి దాని ఇనుప తాడు తెగింది. రైలు చక్రాల జత జారిపడి పెద్ద మెకానిక్కును నలిపేసింది. సాయంత్రం ఆరు పదికి ఆయన ఆస్పత్రిలో పోయాడు. ఇవాళ శుక్రవారం. ఐదు గంటలకు ఇన్‌స్పెక్టరు ఈ గదిలోనే షిఫ్టు ఇంజనీరును అరెస్టు చేస్తాడు. అంతవరకు చూసుకోవచ్చని, తన కళ్ళ ముందే చూసుకోవాలని పోస్టమ్మకు అనుమతి ఇచ్చాడు. ఇచ్చింది దయతో కాదు. కిందటేడు ఆమె చెడగొట్టిన కేసుకు బదులుగా ఈసారి ఆమె ఓడిపోవడం దగ్గరుండి చూడాలని.

తాడు తెప్పించినవాళ్ళను ఎవరూ ఒక్క మాట అడగలేదు. తాడు కింద పని చేయించిన ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి దొరికింది. అంతే, కేసు తేలిపోయింది. ఎక్కడ ఇనుము విరిగినా ఇదే వరస.

ఆ అమ్మాయి బల్ల వెనక కూర్చుని ఉంది. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. పోస్టమ్మను పెట్టుకుంది ఈ అమ్మాయి కాదు, ఈ అమ్మాయి అక్క. నిన్న సాయంత్రం వచ్చి, "మా ఆయన వద్దంటున్నారు, అనవసరం అంటున్నారు. అయినా మీరు వెళ్ళండి. అది అబద్ధం చెప్పదు" అని బతిమాలింది.

పోస్టమ్మ అప్పుడు కాగితం అందుకుని చదివింది. చనిపోయిన పెద్ద మెకానిక్కు పేరు మీద ఉంది. సోమవారం ఉదయం పది పన్నెండుకు షిఫ్టు ఇంజనీరుకు రాసింది. అంటే ప్రమాదానికి రెండు రోజుల ముందు.

సబ్జెక్టు: క్రేను తాడు ప్రమాదకరము, వెంటనే ఆపవలెను.

తాడు పోగులు తెగుచున్నవి. క్రేను నడిపినచో ప్రాణనష్టము జరుగును. అందుకు బాధ్యత మీదే.

"ఇది నీకు అందిందా?"

"లేదండీ. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. నిన్న సారు చూపించాకే చూశాను."

"మరి పెట్టెలో సోమవారం వరసలో ఎలా ఉంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పక్కన 'కొత్తది' అనే గుర్తు కూడా లేదు. అంటే తెరిచి చదివారు. చదివి క్రేను ఆపలేదు. ఒక మనిషి పోయాడు."

"సోమవారం పదకొండున్నరకి పెద్ద మెకానిక్కు బాబాయ్, నేనూ ఆ క్రేను కిందే నిలబడి టీ తాగాం సార్. కూతురి పరీక్షల గురించి చెప్పాడు. తాడు మాటే ఎత్తలేదు. గంట ముందు ఇలాంటి ఉత్తరం రాసినవాడు ఎదురుగా ఉండి ఒక్క ముక్క అనడా?"

"చచ్చిపోయినవాడిని సాక్ష్యానికి పిలవలేం కదమ్మా."

"తాడు ఎప్పటిది?" అడిగింది పోస్టమ్మ.

"కొత్తదండీ. మూడు వారాల కిందట స్టోర్స్ నుంచి వచ్చింది."

"మూడు వారాలకే పోగులు తెగాయా?"

"అది వేరే విచారణ," ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "ముందు హెచ్చరిక. ఈ కాగితం నాకు ఎవరు ఇచ్చారో తెలుసా మేడమ్? ఈమె సొంత బావ. స్టోర్స్ ఆఫీసరు. అందరి ఉత్తరాలూ దాచే మెయిల్ మెషీన్ చార్జి కూడా ఆయనదే. నిన్న పదకొండింటికి నా దగ్గరికి వచ్చి, 'మరదలే అయినా దాచలేను సార్' అంటూ ఇచ్చాడు. సొంత మనిషే ఇచ్చాక ఇంకా అబద్ధం ఎక్కడుంటుంది?"

అమ్మాయి తల దించుకుంది. "బావ తప్పేం లేదు. ఆయన డ్యూటీ ఆయన చేశారు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించిందే ఆయన."

పోస్టమ్మ ఆ సంగతి పట్టించుకున్నట్టు కనిపించలేదు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఒక వరసకు ఒక ఉత్తరం. తేదీ, పేరు, సబ్జెక్టు, అంతే.

"ఇది ఏ కాలం నాటిది తల్లీ?"

"పాతదేనండీ. ఇక్కడి దుమ్ముకి కొత్తవి ఆగవు. ఇది ఆగుతుంది. అన్నీ మీటలతోనే. వచ్చినవీ, మేం పంపినవీ ఒకే పెట్టెలో పడతాయి."

"పెద్ద మెకానిక్కు రాసినవి చూపించు. అన్నీ."

అమ్మాయి రెండు మీటలు నొక్కింది. తెర మీద ముప్పై దాకా వరసలు మిగిలాయి. పోస్టమ్మ కళ్ళజోడు సర్దుకుని వేలితో ఒక్కొక్కటే చదువుకుంటూ దిగింది. దిగేకొద్దీ నవ్వొచ్చింది.

"ఇదేంటి? 'రీ: గ్రీజు డబ్బా'. మళ్ళీ 'రీ: గ్రీజు డబ్బా'. సెలవు కావాలని రాసినా గ్రీజు డబ్బానే. మనవడు పుట్టాడని రాసినా గ్రీజు డబ్బానే."

అమ్మాయి కూడా నవ్వబోయి ఆపుకుంది. "బాబాయ్ అంతేనండీ. మూడేళ్ళ కిందట గ్రీజు గురించి నేను రాసిన ఉత్తరం ఒకటి పట్టుకున్నాడు. ఏం రాయాలన్నా దానికే జవాబు కొడతాడు. సబ్జెక్టు మార్చు బాబాయ్ అంటే, 'లోపల రాసింది చదువుకోవమ్మా, పైన బోర్డుతో నీకేం పని' అనేవాడు. మేనేజరు మెమో కూడా ఇచ్చారు."

"మెమోనా? సబ్జెక్టు మార్చలేదని?"

"ఒకసారి బ్రేకు సామాన్లు కావాలని ఎవరో 'క్యాంటీన్ గ్లాసులు' అనే ఉత్తరం మీద రాశారు. ఇరవై రోజులు ఎవరూ తెరవలేదు. అప్పటి నుంచి రూలు. విషయం మారితే సబ్జెక్టు మార్చాలి."

పోస్టమ్మ చేతిలోని కాగితం ఎత్తి ఊపింది. "మెమోకి కూడా లొంగని మనిషి సోమవారం ఒక్కరోజు మారిపోయాడా సార్? 'ప్రమాదకరము, ఆపవలెను, జరుగును'. మనవడు పుట్టినప్పుడు ఏం రాశాడో చూడండి. 'బుడ్డోడు వచ్చాడమ్మా, నా ముక్కే.' ఈ రెండూ ఒకే చెయ్యి రాసిందంటే నమ్ముతారా?"

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవడైనా జాగ్రత్తగా రాస్తాడు," ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "మూడు యాభై. అలవాట్లు కోర్టులో నిలబడవు మేడమ్. తేదీ నిలబడుతుంది."

ఆ మాట నిజం. పోస్టమ్మ ఒప్పుకోక తప్పలేదు, లోపలే.

"తేదీ ముద్ర ఎవరు వేస్తారు?"

"మెయిల్ మెషీన్ గడియారం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అన్ని ముద్రలూ సోమవారం పది పన్నెండే చూపిస్తున్నాయి. మా వాళ్ళు సరిచూశారు."

"గడియారం తిప్పితే?"

"తిప్పితే ముద్ర మారుతుంది. తిప్పారని రుజువేది? మెషీన్ గది తాళంచెవి ఒక మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరైనా అంటే ఎవరూ కాదని అర్థం."

పోస్టమ్మను తొలుస్తున్నది వేరే. ఇందాకటి నుంచి ఒక మాట చెవిలో తిరుగుతోంది. 'ఏం రాయాలన్నా దానికే జవాబు కొడతాడు.'

"తల్లీ, మీ బాబాయ్ ఒక్కడేనా అలా? కొత్త ఉత్తరం కూడా జవాబుగానే రాస్తారా ఇక్కడ?"

"అందరం అంతేనండీ."

"ఎందుకు?"

"అడ్రసు కొట్టలేక. మా అడ్రసులు పేర్లు కావు. ఉద్యోగి నంబరు, సెక్షను కోడు, మొత్తం పద్దెనిమిది అక్షరాలు. ఒక్కటి తప్పితే తిరిగొచ్చేస్తుంది. అందుకని ఎవరికి రాయాలో వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన పాతది ఏదో ఒకటి తెరుస్తాం. జవాబుకని ఆర్ మీట నొక్కుతాం. అడ్రసు దానంతట అదే వచ్చేస్తుంది. కింది వరసలో పాత సబ్జెక్టు 'రీ' పెట్టుకుని వస్తుంది. దాన్ని చెరిపేసి కొత్తది కొడతాం. లోపల పాత మాటలు కూడా చెరిపేస్తాం. అయిపోయింది, కొత్త ఉత్తరం."

"పాత కవరు మీద కొత్త కాగితం అంటించడం అన్నమాట."

"అంతే."

పోస్టమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఆమె కూతురు ఉంటే, అమ్మకి ఏదో దొరికిందని ఆ జరగడంలోనే కనిపెట్టేది. "అయితే ఈ సోమవారం ఉత్తరం కూడా దేనికో జవాబే అయ్యుండాలి. పైన బోర్డు మార్చారు సరే. అది ఏ ఉత్తరం మీద ఎక్కి వచ్చిందో ఈ యంత్రానికి గుర్తుంటుందా?"

అమ్మాయి మొదటిసారి తల పూర్తిగా ఎత్తింది. "ఉంటుంది. సబ్జెక్టు చెరిపినా అది పోదు. ప్రతి ఉత్తరానికీ లోపల ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. జవాబు కొడితే, ఏ నంబరుకి జవాబో అడుగున పడిపోతుంది. అది మామూలుగా కనిపించదు."

"చూపించు."

"నేనెప్పుడూ తేదీల వరసలోనే చూస్తానండీ. దాన్ని చెట్టులా మార్చొచ్చు. ఏ జవాబు ఏ ఉత్తరం కింద ఉందో కొమ్మల్లా వేలాడుతుంది."

"కాలక్షేపం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

అమ్మాయి పెట్టె మొత్తం మళ్ళీ తెరిచి మీట నొక్కింది. వరసలన్నీ ఒక్కసారి కదిలి, వేరే చోట్లకు వెళ్ళి కూర్చున్నాయి. సోమవారం ఉత్తరం సోమవారంలో లేదు. అమ్మాయి వెతుక్కుంటూ కిందికి దిగింది. మంగళవారం దాటింది. బుధవారంలోకి వచ్చింది. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది.

బుధవారం సాయంత్రం ఆరు నలభై. ఆమె తానే పంపిన ఉత్తరం. సబ్జెక్టు: పెద్దాయన పోయారు.

దాని కింద, చిన్న కొమ్మకు వేలాడుతూ: సోమవారం, పది పన్నెండు. క్రేను తాడు ప్రమాదకరము.

పోస్టమ్మ ఆ రెండు వరసలనూ మళ్ళీ చదివింది. చనిపోయాడని బుధవారం రాసిన కబురుకు, చనిపోయినవాడే సోమవారం జవాబిచ్చాడు.

"మెషీన్ తప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి. "పాతది. ఎక్కడిదో తెచ్చి ఎక్కడో తగిలించింది."

"కావచ్చు. తేల్చుకుందాం. మీ నోటుబుక్కు తీయండి."

"నాదెందుకు?"

"నేను రాస్తే నేనే కల్పించానంటారు. తెర మీద ఒకసారికి ఒక్కటే కనిపిస్తుంది. రెండు నంబర్లూ మీ చేత్తో రాసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. కలవకపోతే నేను ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను. ఐదింటి దాకా కూడా ఉండను."

ఆ బేరం ఇన్‌స్పెక్టరుకు నచ్చింది. నోటుబుక్కు తీశాడు. అమ్మాయి సోమవారం ఉత్తరం తెరిచి ఇంకో మీట నొక్కింది. ఉత్తరం అడుగున దాగి ఉన్న వరసలన్నీ బయటపడ్డాయి, ఇరవై దాకా. వాటి మధ్యలో 'దేనికి జవాబు' అనే వరస. ఆమె చదువుతుంటే ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క అంకే రాసుకున్నాడు. తర్వాత బుధవారం ఉత్తరం తెరిచి దాని సొంత నంబరు చదివింది. ఆయన రాయడం మధ్యలోనే మెల్లగా అయిపోయింది. చివరి నాలుగు అంకెలు ఆమె చదవకముందే ఆయన కన్ను పై వరస మీదికి వెళ్ళింది.

రెండూ ఒకటే.

"టైం వేయండి సార్," అంది పోస్టమ్మ. "సంతకం కూడా."

నాలుగు ఇరవై ఆరు అని వేశాడు. సంతకం పెట్టాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఓడిపోయినవాడి కోపం కాదది. తనను వెర్రివాణ్ణి చేసినవాడు ఎవడో ఇంకా తెలియనివాడి కోపం.

"ప్రింటు కావాలి. చేతిరాత కోర్టు నమ్మదు. ఈ రెండు పేజీలూ వరసలతో సహా కొట్టమ్మా."

అమ్మాయి వేళ్ళు ఆ పని తమంతట తామే చేసేశాయి. ఆమె మనసు అక్కడ లేదు. తెర మీద బుధవారం నాటి తన మాటలనే చూస్తూ ఉంది. పోస్టమ్మ కూడా అటు వంగి చదివింది.

'ఇప్పుడే పోయారు. తెగిన తాడు ముక్క నా దగ్గర దాచాను. లోపలంతా తుప్పు పట్టి ఉంది, కొత్తది కాదు. ఎవరికి ఇవ్వమంటారు?'

"ఇది ఎవరికి రాశావు?" పోస్టమ్మ మెల్లగా అడిగింది.

అమ్మాయి తెర మీంచి చూపు తిప్పుకుంది.

"ఈ జవాబు కొట్టాలంటే ముందు నీ ఈ ఉత్తరం ఆ కొట్టినవాడి పెట్టెలో ఉండాలి. అడ్రసు కొట్టే బాధ లేకుండా నీ ఉత్తరం తెరిచాడు. ఆర్ నొక్కాడు. పంపేవారి దగ్గర మీ బాబాయ్ పేరు పెట్టాడు. సబ్జెక్టు చెరిపాడు, లోపల మాటలు చెరిపాడు. అడుగున నంబరు ఉంటుందని అతనికి తెలియదు. ఎవరికి రాశావు తల్లీ?"

"బావకి."

"ఇంకా?"

"బావకి ఒక్కరికే. మర్నాడు పొద్దున తాడు ముక్క కూడా తీసుకెళ్ళి ఆయన చేతికే ఇచ్చాను. జాగ్రత్త చేస్తానన్నారు."

"మెయిల్ మెషీన్ చార్జి ఉన్నవాడికి నంబరు సంగతి తెలియదా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"చార్జి అంటే తాళంచెవి సార్," అంది అమ్మాయి. "మెయిల్ చూసే ఆయన రిటైరయ్యాక ఎవరో ఒకరు ఉండాలని బావకి అప్పజెప్పారు. ఆయనకి గడియారం దిద్దడం, మెషీన్ ఆపి పెట్టడం, పెట్టెలు తెరవడం, అంతవరకే వచ్చు."

"తాడు కూడా ఆయన స్టోర్స్ నుంచే," అంది పోస్టమ్మ. "పారేయాల్సిన పాత తాడు కొత్తదని ఇచ్చాడు. హెచ్చరిక ఉంటే తప్పు ఇంజనీరుది. లేకపోతే తాడుది." అని చప్పున ఆగింది. అసలు అడగాల్సింది ఇప్పుడు తట్టింది. "ప్రింటు కొట్టావు కదా. ప్రింటర్ ఎక్కడ? ఈ గదిలో కనిపించదే."

అమ్మాయి ముఖంలో రక్తం లేదు. "మొత్తం బిల్డింగుకి ఒకటేనండీ. స్టోర్స్‌లో. బావ బల్ల పక్కనే."

ఇన్‌స్పెక్టరు ఒక బూతు మాట సగంలో మింగాడు.

అప్పుడే తెర అడుగున కొత్త వరస ఒకటి వెలిగింది. 'ఈ పెట్టెను వేరొకరు మార్చారు.' పైన ఉత్తరాల లెక్క పంతొమ్మిది వందల పద్నాలుగు నుంచి పంతొమ్మిది వందల పన్నెండుకు పడిపోయింది. అమ్మాయి మీట మీద మీట నొక్కింది. బుధవారం ఆరు నలభై లేదు. సోమవారం పది పన్నెండు లేదు. చెట్టుకు ఆ కొమ్మే లేదు.

పోస్టమ్మ ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. ఇప్పుడు లోకంలో ఆ రెండు నంబర్లు ఉన్నది ఒక్కచోటే, ఆయన చేతిలో, ఆయన రాతతో, ఆయన కేసుకు వ్యతిరేకంగా. ఒక్క పేజీ చింపితే చాలు. ఐదింటికి అనుకున్నది అనుకున్నట్టే జరిగిపోతుంది. పేరుకు పేరూ వస్తుంది, కిందటేటి దానికి పగ కూడా తీరుతుంది.

ఆయన నోటుబుక్కు మూసి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

"నన్ను తపాలా బంట్రోతును చేశాడు," అన్నాడు. "తను రాసిన కాగితం నా చేత మోయించాడు."

బల్ల మీద ఫోను మోగింది. అమ్మాయి కదల్లేదు. పోస్టమ్మ స్పీకరు మీట నొక్కింది.

"ఏమ్మా," స్టోర్స్ ఆఫీసరు గొంతు నిదానంగా, ఆప్యాయంగా ఉంది. "ఇందాక ఏదో ప్రింటు కొట్టినట్టున్నావు. కాగితం ఇరుక్కుపోయింది. మెషీన్ కూడా మొరాయిస్తోంది. నీ పెట్టెలో ఒకటి రెండు పోయినా కంగారుపడకు. లాయరుతో మాట్లాడాను. నేనున్నాను కదా."

ఇన్‌స్పెక్టరు ఫోను మీదికి వంగాడు.

"నేను ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నా. ఐదింటికి అరెస్టు ఉంది. మీరు పైకి రావాలి. ఇప్పుడే."

అవతల కొంచెం దూరం నుంచి ఒక ఆడగొంతు. పోస్టమ్మ ఆ గొంతును వెంటనే గుర్తుపట్టింది. నిన్న సాయంత్రం తన ఇంట్లో బతిమాలిన అక్క గొంతే; చెల్లెలి అరెస్టు వేళకు భర్త దగ్గరికి వచ్చినట్టుంది.

"ఎవరండీ ఫోన్లో? ఆ కాగితం మీద చెల్లి పేరుంది కదా. ఎందుకు చింపుతున్నారు? ఇటివ్వండి, నన్ను చూడనివ్వండి."

"నువ్వు పక్కకి జరుగు."

"ముందు అది ఇటివ్వండి. తలుపెందుకు వేస్తున్నారు?"

కుర్చీ పడిన చప్పుడు. ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడు. ఫోను ఆగిపోయింది.

"అక్కా," అంది అమ్మాయి, గొంతు పెంచకుండా, పక్కన ఉన్న మనిషితో అన్నట్టు. మరుక్షణం ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. ఇన్‌స్పెక్టరు ఆమెను ఆపలేదు. అరెస్టు కాగితాన్ని బల్ల మీదే వదిలేసి ఆమె వెనకే పరుగెత్తాడు. పోస్టమ్మ మెట్ల దగ్గరకు చేరేసరికి, రెండు అంతస్తుల కింద, స్టోర్స్ ఇనుప తలుపు మీద ఎవరో రెండు చేతులతో బాదుతున్న మోత మొదలైంది. బాదుతున్నది బయటినుంచి కాదు.